తెలిసికొను హక్కు – శాసనకర్తల బాధ్యత

పాల్కురికి సోమనాథుని బసవపురాణమునందు ఒక ఘట్టము కలదు. కల్యాణ నగరమున బిజ్జలుని భాండారమునకు అధికారియైన బసవేశ్వరుడు రాజధనమును జంగములకు ధారపోయుచున్నాడని గిట్టనివారు రాజునకు కొండెములు చెప్పిరి. రాజు ప్రశ్నించెను. బసవేశ్వరుడు భాండారమును తెరపించి లెక్క చూచుకొనుమనెను. చూడగా ఏమియు తక్కువ కాలేదు. భక్తులు ఈ కథను శివుని మహిమగా చెప్పుకొందురు, అది సహజమే. అయితే ఆ మహిమకు ముందు అందులో ఒక చిన్న పని జరిగినది. అది తాళము తీయుట. పరుల సొమ్మును కాపాడువాడు తన నిజాయితీని నమ్ముమని అడుగుటకు ముందు లెక్కను ఎదుట పెట్టినాడు. మహిమలు అందరి చేతిలో ఉండవు. తాళము తీయుట మాత్రము భాండారి అయిన ప్రతివాని చేతిలోను ఉన్నది.

రాజ్యాంగము వచ్చిన పిదప రాజు స్థానమున ప్రజలు నిలిచిరి. భాండారము వారిది. దానిని కాపాడువారు వారి ఉద్యోగులు, వారి ప్రతినిధులు. అయినను 1923లో ఆంగ్లేయ ప్రభుత్వము చేసిన అధికార రహస్యముల చట్టము స్వాతంత్ర్యము తరువాత కూడ తొలగిపోలేదు; నేటికిని నిలిచియే ఉన్నది. కచేరీలో కాగితము చూపుట అపరాధము, దాచుట ధర్మము అను అలవాటు ఆ చట్టము నీడలో పెరిగినది. 1975లో ఉత్తర ప్రదేశ్ ప్రభుత్వమునకును రాజ్ నారాయణునకును జరిగిన వ్యాజ్యమునందు సుప్రీం కోర్టు న్యాయమూర్తి కె.కె. మాథ్యూ, ప్రజల పేర ప్రజాసేవకులు చేయు పనులను తెలిసికొను హక్కు ప్రజలకు కలదని చెప్పెను. తీర్పు గొప్పదే. కాని తీర్పును చేతబట్టుకొని తాలూకా కచేరీకి పోయిన బీదవానికి గుమాస్తా కాగితము చూపునా?

చూపడని రాజస్థాన్ పల్లెలలోని కూలివాండ్రకు బాగుగా తెలిసినది. 1990లో అక్కడ ఏర్పడిన మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ అను సంఘము మొదట అడిగినది కూలి. కరవు పనులలో చట్టము చెప్పిన కనీస వేతనము చేతికి రాదు. ఎందుకు రాదని అడిగిన, నీవు చేసిన పని ఇంతే, కాగితములో ఇట్లున్నది అని సమాధానము. అయితే ఆ కాగితము చూపుడనిరి. అది రహస్యమనిరి. 1994 చివర మొదలైన ప్రజా విచారణలలో ఎట్లో సంపాదించిన మస్టరు రోళ్లను ఊరివారి నడుమ బిగ్గరగా చదివిరి. పనికి రానివారి పేర్లు, ఊరు విడిచి పోయినవారి పేర్లు, చనిపోయినవారి పేర్లు అందులో బయటపడెను. కూలికొరకు జరిగిన పోరాటము కాగితము కొరకైన పోరాటముగా మారినది అక్కడనే.

తెలుగునాట కూడ ఇట్టి అనుభవము కలదు. గ్రామీణ ఉపాధి హామీ చట్టము 2006 ఫిబ్రవరి 2వ తేదీన అనంతపురము జిల్లా బండ్లపల్లిలో ప్రారంభింపబడెను. ఆ చట్టములోని 17వ విభాగము గ్రామసభచే సామాజిక తనిఖీ జరుగవలెనని విధించెను. ఉమ్మడి ఆంధ్రప్రదేశములో ఆ తనిఖీలు పేరుకు మాత్రము కాక నిజముగా జరిగినవని దేశమంతటను చెప్పుకొనిరి. తనిఖీ చేయువారు మస్టర్లు పట్టుకొని ఇంటింటికి పోయి, ఇన్ని దినములు పనికి వచ్చితివా, ఇంత కూలి ముట్టినదా అని అడిగి, పిదప పదిమంది ముందు చదివి వినిపించెడివారు. తన పేర ఎవరో కూలి తీసికొన్నారని కూలి స్త్రీకి తెలియవచ్చునది అట్టి చోటనే. కాగితములో పేరు ఆమెదే; వేలిముద్ర మాత్రము ఆమెది కాదు. ఇప్పుడు అడుగవలసిన ప్రశ్న ఇది: ఆ మస్టరులోని పేరు ఆమె స్వంత విషయమా, ఊరి విషయమా? ఈ ప్రశ్నను మనసులో ఉంచుకొని తక్కిన కథను చూడవలెను. ఏలయనగా ఇరువది యేండ్లుగా పార్లమెంటులో జరిగినదంతయు చివరకు ఆ ప్రశ్న దగ్గరకే వచ్చి నిలిచినది.

సమాచార స్వేచ్ఛా చట్టమని ఒకదానిని పార్లమెంటు 2002 డిసెంబరులో చేసెను. రాష్ట్రపతి ఆమోదమును లభించెను. అమలు తేదీని మాత్రము ప్రభుత్వము ప్రకటింపలేదు. అట్లు ఆ చట్టము పుట్టియు ఊపిరి తీయకయే పోయినది. 2004 డిసెంబరులో లోక్‌సభలో సమాచార హక్కు బిల్లు ప్రవేశపెట్టబడెను. ఇది అన్ని బిల్లులవలె తొందరగా చేయెత్తి ఆమోదింపబడలేదు. సిబ్బంది, ప్రజా ఫిర్యాదులు, న్యాయము మొదలగు విషయములను చూచు స్థాయీ సంఘమునకు పంపబడెను. ఇ.ఎం. సుదర్శన నాచియప్పన్ అధ్యక్షతనున్న ఆ సంఘము అధికారులను పిలిచెను. ఈ హక్కుకై పల్లెలలో పనిచేసినవారిని కూడ పిలిచి వినెను. ప్రభుత్వము తెచ్చిన బిల్లు కేంద్ర ప్రభుత్వపు కచేరీలకు మాత్రమే వర్తించునట్లుండెను. పల్లె మనిషికి కావలసిన కాగితము ఢిల్లీలో ఉండదు. అది మండల కచేరీలో, పంచాయతీలో, రేషను దుకాణములో ఉండును. కనుక రాష్ట్రములకు కూడ చట్టము వర్తింపవలెనని సంఘము చెప్పెను. సమాచార కమీషనర్లకు ఎన్నికల కమీషనుతో సమానమైన స్థాయి ఉండవలెననియు సిఫారసు చేసెను. సంఘము 2005 మార్చిలో నివేదిక నిచ్చెను. ప్రభుత్వము తానే అనేక సవరణలు తెచ్చెను. మే 11న లోక్‌సభయు, 12న రాజ్యసభయు ఆమోదించెను. అక్టోబరు 12న చట్టము పూర్తిగా అమలులోనికి వచ్చెను.

ఇందులో గమనింపదగినది ఒకటి కలదు. స్థాయీ సంఘము బిల్లును ఎదిరింపలేదు. పాలకపక్షమువారును ప్రతిపక్షమువారును ఒకే బల్లచుట్టు కూర్చుండి, ప్రభుత్వము తెచ్చిన దానిని ప్రభుత్వము కోరినదానికంటె మేలుగా చేసి పంపిరి. పరిశీలన అనగా అడ్డగించుట యని భావించువారికి ఇంతకంటె మంచి సమాధానము దొరకదు.

ఏ చట్టమునకైనను పరిశీలన అవసరమే. అయినను సమాచార చట్టమునకు అది మరింత అవసరము. పన్ను చట్టము చేయు సభ్యుడు తానును పన్ను కట్టును. అందులో అతనికి ప్రత్యేక లాభము లేదు. ప్రజలు ఎంతవరకు చూడవచ్చునో నిర్ణయించు సభ్యుడు మాత్రము తన్ను ఎంతవరకు చూడవచ్చునో కూడ నిర్ణయించుచున్నాడు. తన వ్యాజ్యమునకు తానే తీర్పరి. అట్టివాడు ఎంత మంచివాడైనను, ఆ పని తలుపు మూసికొని తొందరగా చేయరాదు. మంచివాడైన యెడల తొందరపడవలసిన పనియే ఉండదు.

బ్రిటను అనుభవము దీనికి తార్కాణము. ఆ దేశపు సమాచార స్వేచ్ఛా చట్టము 2000లో చేయబడి 2005 జనవరి 1న పూర్తిగా అమలులోనికి వచ్చెను. రెండేండ్లకే, పార్లమెంటును ఆ చట్టము నుండి తప్పించుటకు డేవిడ్ మెక్లీన్ అను సభ్యుడు ఒక బిల్లు తెచ్చెను. తమకు ఉత్తరములు వ్రాయు ప్రజల రహస్యములు కాపాడుటకే ఇది అని చెప్పిరి. 2007 మే 18న కామన్స్ సభ 96 ఓట్లతో దానిని ఆమోదించెను. ఎదురు పడిన ఓట్లు 25. ప్రభువుల సభలో దానిని చేపట్టుటకు ఒక్కరును ముందుకు రాలేదు. బిల్లు అక్కడనే ఆగిపోయెను. 2009 మేలో సభ్యులు ప్రజాధనమునుండి తీసికొన్న ఖర్చుల వివరములు డైలీ టెలిగ్రాఫ్ పత్రికలో వెలువడెను. స్పీకరు పదవి విడిచెను. తప్పుడు లెక్కలు చూపిన కొందరు సభ్యులు తరువాత కారాగార శిక్ష అనుభవించిరి. 2007లో ఎగువసభయందు ఒక్క ప్రభువు చేయి చాచి యుండినచో ఏమి జరిగి యుండునో ఊహింపవచ్చును. ఉత్తరములు వ్రాసిన ప్రజల రహస్యములు అను మాటలో అబద్ధము లేదు. అయితే ఆ గొడుగు క్రింద ఎవరెవరు తలదాచుకొనిరో అది వేరు విషయము.

మన దేశములోను ఇట్టిది జరుగకపోలేదు. 2013 జూన్ 3న కేంద్ర సమాచార కమీషను ఆరు జాతీయ రాజకీయ పక్షములు ఈ చట్టము క్రిందికి వచ్చునని ఆదేశించెను. అదే ఆగస్టులో పక్షములను చట్టమునుండి తప్పించు బిల్లు లోక్‌సభకు వచ్చెను. వేరే విషయములలో ఒకరి ముఖము ఒకరు చూడనివారు ఈ విషయములో ఏకమైరి. బిల్లును స్థాయీ సంఘమునకు పంపిరి. సంఘము కూడ దానిని బలపరచెను. 2014లో సభ ముగియుటతో బిల్లు మురిగిపోయెను. కనుక స్థాయీ సంఘము పేరు చెప్పి చేతులు జోడించుట కూడ తగదు. పరీక్షకు కూర్చున్నవాడే ప్రశ్నపత్రము దిద్దినచో, ఆ గది పేరు ఏమైనను ఫలితము ఒక్కటే. అయినను ఆ నెలల వ్యవధిలో పత్రికలు వ్రాసెను, ప్రజలు విజ్ఞప్తులు పంపిరి, ఎవరు ఏ పక్షమున నిలిచిరో కాగితము మీద మిగిలినది. ఆలస్యమువలన కలిగిన ఆ ఫలము చిన్నది కాదు.

2019లో ఆ ఆలస్యమును కూడ లేకుండ చేసిరి. 2005 చట్టము కమీషనర్లకు 5 సంవత్సరముల పదవీకాలమును (65 ఏండ్ల వయోపరిమితికి లోబడి), ఎన్నికల కమీషనుతో పోల్చిన జీతములను నిశ్చయించి యుండెను. ఆ రెండును ఇకమీద కేంద్ర ప్రభుత్వము నియమములద్వారా నిర్ణయించునని సవరణ బిల్లు చెప్పెను. జూలై 19న బిల్లు లోక్‌సభలో ప్రవేశించెను, 22న గడిచెను, 25న రాజ్యసభలోను గడిచెను. ఎన్నికల కమీషను రాజ్యాంగముచే ఏర్పడినది, సమాచార కమీషను చట్టముచే ఏర్పడినది, రెంటికి సమానత ఉచితము కాదు అనునది ప్రభుత్వ వాదము. అది కొట్టివేయదగిన వాదము కాదు, తర్కమునకు నిలువవచ్చును. అట్లు నిలుచు వాదమైన యెడల సంఘము ముందు నిలిపి చూపుటకు జంకు ఏల? క్రొత్త లోక్‌సభ ఏర్పడి కొలది దినములే యగుటచే స్థాయీ సంఘములు ఇంకను ఏర్పడలేదనుట నిజమే. అందుకే రాజ్యసభలో ప్రతిపక్షమువారు సెలెక్టు కమిటీని కోరిరి. కోరినవారు 75 మంది, కాదన్నవారు 117 మంది. ముసాయిదాలను ముప్పది దినములు ప్రజల యెదుట ఉంచవలెనను పద్ధతిని 2014లో ప్రభుత్వమే పెట్టుకొని యుండెను, అదియు పాటింపబడలేదు. ఆ అక్టోబరులో వచ్చిన నియమములు పదవీకాలమును 3 సంవత్సరములు చేసెను. సభలో బిల్లు మీద చేయెత్తిన సభ్యులకు ఆ సంఖ్య తెలియదు; అది అప్పటికి వ్రాయబడలేదు. తీర్పరి జీతమును, పదవిని, వ్యాజ్యములో ఎదుటిపక్షమైనవాడు నిర్ణయించు ఏర్పాటును ఊరి పంచాయతీలోనైనను పెద్దలు ఒప్పుకొనరు.

ఇక 2023. ఇక్కడ ప్రశ్న మరింత లోతైనది. తొందరపడి ఒక పక్షమును తిట్టుటకు వీలు లేనిది. 2017 ఆగస్టు 24న సుప్రీం కోర్టులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనము వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని తీర్పు చెప్పెను. మనిషి లోపలి గది మనిషిదే. ఒకరి రోగము, ఒకరి అప్పు, ఒకరి ఇంటి కలహము, ఒక వితంతువు బ్యాంకు ఖాతా సంఖ్య ఊరి గోడకు అంటించదగినవి కావు. సమాచార హక్కును పగ తీర్చుకొనుటకు వాడుకొన్నవారును ఉన్నారు. తోటి ఉద్యోగి సెలవు చీటీలు అడిగి వేధించువారిని కచేరీలలో ఎరుగనివారు లేరు. బీదల గోప్యత గురించి ఎవరును పట్టించుకొనని దేశములో దానిని కాపాడు చట్టము వచ్చుట మేలే.

కాని ఆ పని 2005 చట్టము చేయకుండెనా? దాని 8(1)(జె) ఖండము అధికారిని తూచుమని అడిగెను. ఈ వ్యక్తిగత సమాచారమునకు ప్రజాకార్యముతో సంబంధము ఉన్నదా? దీనిని వెల్లడించిన అకారణముగా ఒకని గోప్యతలో చొరబడుట యగునా? అయినను విశాల ప్రజాహితము దానిని కోరుచున్నదా? ఈ మూడును చూచి ఇమ్మనియో, ఇవ్వవలదనియో చెప్పవలెను. డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టము తన 44(3) విభాగముద్వారా ఆ ప్రశ్నలన్నిటిని తొలగించెను. సమాచారము వ్యక్తిగతమైనచో ఇవ్వనక్కరలేదు. అంతే. ఆ బిల్లు 2023 ఆగస్టు 3న లోక్‌సభకు వచ్చెను. 7న అక్కడ గడిచెను. 9న రాజ్యసభలో గడిచెను. దాని ముసాయిదా 2022 నవంబరులో ప్రజల ముందు ఉంచబడిన మాట నిజము. సభలో మాత్రము ఏ కమిటీకిని పంపబడలేదు. ఈ సవరణ 2025 నవంబరులో అమలులోనికి వచ్చెను.

చట్టములోని 8(2) విభాగము మిగిలియే ఉన్నదనియు, ప్రజాహితము అధికమైనచో అధికారి ఇప్పటికిని ఇవ్వవచ్చుననియు ప్రభుత్వము చెప్పుచున్నది. అక్షరములలో అది సత్యమే. అయితే ఇవ్వవచ్చును అనుటకును, తూచి తీరవలెను అనుటకును నడుమ ఎంత దూరమున్నదో కచేరీ మెట్లెక్కినవారికి చెప్పనక్కరలేదు. తూచుమని చట్టము అడుగునప్పుడు గుమాస్తాకు కూడ ఒక అంతరాత్మ ఉండవలసి వచ్చును. కాదన్నచో ఎందుకు కాదో వ్రాయవలసి వచ్చును. ఆ వ్రాతమీద పైవాడు విచారించును. తూకమును తీసివేసినచో కాగితముమీద వ్యక్తిగతము అను ఒక్క మాట చాలును. చట్టము మనిషికి ఇచ్చిన బరువును దింపుట కొన్నిసార్లు కరుణ యగును. ఇక్కడ దింపినది అధికారి భుజముమీది బరువు. అది అడుగువాని భుజము మీదికి పోయినది.

అన్నిటికంటె ఆలోచింపదగినది ఆ మార్పులో గట్టిగా వినబడని ఇంకొక నష్టము. 8(1)(జె) ఖండము చివర ఒక చిన్న వాక్యము ఉండెను. పార్లమెంటునకు గాని శాసనసభకు గాని నిరాకరింపరాని సమాచారమును ఏ వ్యక్తికిని నిరాకరింపరాదని దాని తాత్పర్యము. ప్రతినిధి అనగా ఏమో ఇంతకంటె క్లుప్తముగా చెప్పిన శాసన వాక్యము అరుదు. పంపబడినవానికి పంపినవానికంటె ఎక్కువ తెలియుట కార్యవశమున జరుగవచ్చును గాని హక్కుగా ఉండరాదు. సభలో కూర్చున్నవాడు ప్రజల కన్నులతో చూచుచున్నాడు; ఆ కన్నులు అతనివి కావు. అట్టి వాక్యమును తొలగించినది మరెవరో కాదు, ఆ సభలే. సభలో ఆ ఒక్క వాక్యమును గూర్చి ఒక దినము చర్చ జరిగి, ఉంచుటకో తీయుటకో కారణములు వ్రాయబడి, అటుపిమ్మట తీసివేసి యుండినచో కనీసము ఎందుకు తీసిరో తెలిసియుండెడిది.

బిల్లులను సాగదీయుట కూడ ఒక తప్పే యని వాదించువారున్నారు. సంఖ్యాబలమును ప్రజలే ఇచ్చిరి గదా, దానిని వాడుకొనుటలో దోషమేమి అని అందురు. చట్టము గడచుటకు సంఖ్య చాలును. దానిని ఎవరును కాదనరు. 2005లోను సంఖ్య ఉండెను. ఆనాడు అయిదు నెలలు వినిరి. 2019లో ఆరు దినములు, 2023లోను ఏడు దినములలోపే ముగిసెను. ఇచ్చుటకు నెలలు పట్టినదానిని తగ్గించుటకు వారము చాలినది.

మస్టరు దగ్గరకు మరల రావలెను. అందులోని పేరు ఆ కూలి స్త్రీదే గనుక తన పేర ఏమి వ్రాసిరో ఆమె అడుగవచ్చును. తన వాడలో ఎవరెవరి పేర ఎన్ని దినముల కూలి వ్రాసి ఎవరు తీసికొనిరో అడిగినప్పుడు, అవి ఇతరుల వ్యక్తిగత వివరములని అధికారి తిరస్కరింపవచ్చును. సహాయపు పథకముల లబ్ధిదారుల వివరములను ప్రభుత్వము తానే ప్రకటింపవలెనని 4వ విభాగము నేటికిని చెప్పుచున్నది. 8వ విభాగమో, ఈ చట్టములో మరేమి ఉన్నను అని మొదలగును. ఈ రెంటిలో ఏది గెలుచునో కచేరీ బల్ల దగ్గర మొదట తేల్చువాడు ఆ మస్టరును దాచుకొన్న అధికారియే. ఆయన కాదన్నచో ఆమెకు మిగులునవి పై అధికారికి ఒక అప్పీలు, 3 సంవత్సరముల పదవిలో నియమింపబడిన కమీషనరునకు ఇంకొకటి. లేదా తన నియోజకవర్గపు సభ్యుని వెదకి పట్టుకొని, అదే కాగితమును సభలో ఆయనచేత అడిగింపవలెను.